పట్టాల పక్కన పరిచిన పొడి

తాడిపత్రి
4 ఆగస్టు 2025, సోమవారం

సరళక్కకు,

నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు నా రైలింజను కాలిపోయింది. అప్పుడు గదిలో బావ ఒక్కడే ఉన్నాడు.

ఈ రెండు ముక్కలతో నీకేమీ అర్థం కాదు. నాకొక రైలింజను ఉన్న సంగతే నీకు తెలియదు. ఫోన్లో చెప్పాలంటే, నీకు వినబడేలా అరిస్తే మా వీధంతా వింటుంది. వీధికి తెలియకూడదనే ఇన్నేళ్ళూ జాగ్రత్తపడ్డాను. అందుకే ఉత్తరం.

మా మిద్దె మీద గది ఉంది కదా, పాత పేపర్లు పెట్టుకున్నానని అందరికీ చెప్పిన గది. అందులో పేపర్లు లేవు. మంచమంత ప్లైవుడ్ బల్లలు రెండు కలిపి వేసి ఉన్నాయి. వాటి మీద బొటనవేలి వెడల్పున పట్టాలు, ఒక స్టేషను, ఒక వంతెన, రెండు ఇంజన్లు, కొన్ని బోగీలు. నిజం రైలుకు ఎనభై ఏడో వంతు. బెంగళూరులో ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేస్తే తెచ్చుకున్నాను. కొండలు, ఊరు, చెరువు నేను కట్టుకున్నవి. ముప్పై ఏళ్ళు విలేకరిగా ఎండిన వేరుశనగ చేల గురించి రాసినవాడు రిటైరై బొమ్మరైలు తిప్పుకుంటున్నాడంటే నవ్వరా? అందుకే తాళం. ఎవరైనా అడిగితే నీ మరదలు పుష్పావతి "పేపర్లు సర్దుకుంటాండాడు" అంటుంది.

బావకు మాత్రం చెప్పాను. ఫ్యాక్టరీ సైడింగులో, ఆ లోపలి రైలు లైనులో, బండి ఏ పట్టా ఎక్కాలో మార్చే పాయింట్లు వేసిన మనిషి కదా. మిద్దె కారుతోంది, రిపేరుకు తోడు కావాలని నీకు చెప్పి పిలిపించింది దీనికే. కారడానికి వాన ఎక్కడ పడింది?

మొదటి రోజు బావ గుమ్మం బయటే చెప్పులు విడిచి, పట్టాల ఎత్తుకు కళ్ళు వచ్చేలా గొంతుకూర్చుని చూశాడు. "ఏమప్పా గిరీ, చెరువు నింపినావే! ఇన్ని నీళ్ళు మన జన్మలో చూసినామా?" అన్నాడు. అది నీళ్ళు కాదు, వార్నిష్.

ఈ పనిలో తిప్పడం కంటే తుడవడం ఎక్కువ. మన గాలికి పూటకొకసారి దుమ్ము పడుతుంది. స్పిరిట్ గుడ్డతో పట్టాలు రుద్దకపోతే కరెంటు అందక రైలు ఎక్కడిదక్కడ ఆగుతుంది. ఈ మూడు వారాలు ఇద్దరం పట్టాల పక్కన కంకర వేశాం. కంకర అంటే గ్రానైటు కోసే యూనిట్లో ఎండిన బూడిదరంగు పొడి. ఎంపిక నాది. రెండు జల్లెళ్ళు పట్టాను. ఆ రంగు బెంగళూరు ఆయన దగ్గర కూడా లేదు. బావ టీచెంచాతో పోసి, కుంచెతో సర్ది, ఇంజెక్షన్ సిరంజితో ఫెవికాల్ నీళ్ళు చుక్కచుక్కగా వేశాడు.

నిన్న నేను మందుల షాపుకు వెళ్ళి వచ్చేసరికి మెట్ల మీదే కాలిన వాసన. ఇంజను చెయ్యి పెట్టలేనంత వేడి. సగం గీత దాటించవద్దని చెప్పిన వేగం రెగ్యులేటరు చివరిదాకా తిప్పి ఉంది. అడిగితే బావ, "నేనేం చేయలే గిరీ. తిరుగుతా తిరుగుతా నిలిచిపాయ" అన్నాడు. తిరిగే ఇంజను దానంతటది కాలదు. రెగ్యులేటరు ఎందుకు తిప్పినావని అడిగితే సంచి సర్దుకున్నాడు. సాయంత్రం బస్సుకే బయలుదేరాడు.

నీకు ఆయన ఇంకోలా చెప్పవచ్చు. నేను కోపంతో రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాశాను.

నీ తమ్ముడు,
గిరి


రాయదుర్గం
12 ఆగస్టు 2025

గిరికి,

నువ్వు పేపరు భాషలో రాశావు కాబట్టి నేనూ అదే రాస్తున్నాను. పదో తరగతి తెలుగు, నవ్వొద్దు.

మొదటి ముక్క చదివి బోరు మోటారు కాలిందేమో అనుకున్నాను. రెండోసారి చదివితే కానీ బొమ్మరైలని అర్థం కాలేదు. నా చేతిలో నూటయాభై జీన్స్ ప్యాంట్ల లూపులు కుట్టే పని ఉంది, మిషన్లు రెండే. ఆ పని ఆపి నీ ఉత్తరం పట్టుకుని మీ బావ ముందు నిలబడ్డాను.

"మిద్దె రిపేరు అంటివి. బొమ్మలాట ఆడేకి పోయింటివా?" అన్నాను.

ఆయన నేల మీది దారం ముక్కలు ఏరుతూనే ఉన్నాడు.

"వాని ఇంజను కాల్చినావంట. నిజమా కాదా?"

"అవును. నేనే చేసినా. అట్లనే రాయి."

"అరవై దాటినోడివి. ఒకరి వస్తువు ముట్టుకునేటప్పుడు భయం ఉండొద్దా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అన్నీ రాయను. ఆయన వింటూనే చెప్పులేసుకుని స్టేషనుకు పోయాడు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అక్కడే బెంచీ మీద కూర్చుంటున్నాడు. ఏ బండికి, ఎవరికోసం అంటే చెప్పడు.

తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి నువ్వు మనసులో పెట్టుకోవద్దు. నాకు మండింది ఇంజను గురించి కాదు. తోడబుట్టిన నాకు దాచి ఆయనకు చెప్పావే, దానికి. నేను నవ్వుతాననుకున్నావా? నవ్వేదాన్నేలే. అయినా చెప్పాల్సింది.

ముదిగుబ్బలో రంగన్న చిన్నాయన గృహప్రవేశానికి నేను రాలేను. ఈ సరుకు ఆ వారమే బళ్ళారికి పోవాలి. ఆయన్ను పంపిస్తాను. నువ్వే పలకరించు.

మిషను మీదే పెట్టి రాస్తున్నాను, అక్షరాలు వణికాయి,
సరళ


తాడిపత్రి
24 ఆగస్టు 2025

అక్కకు,

గురువారం గృహప్రవేశం బాగా జరిగింది. ఇల్లు రోడ్డు పక్కనే, సున్నం వాసన ఇంకా పోలేదు. చిన్నాయన గొర్రెలను అమ్మి కట్టాడని కొందరు, బెంగళూరు కొడుకు కట్టించాడని కొందరు. నేను అడగలేదు. రిటైరయ్యాను కదా.

నువ్వు చెప్పినట్టే బావను నేనే పలకరించాను. ఒప్పుకున్న మనిషి మీద నాకు కోపం లేదు. భోజనాల దగ్గర లక్ష్మీనరసమ్మ పిన్ని, "ఏమప్పా రామాంజీ, తాడిపత్రిలో అన్ని దినాలు ఏం ఎలగబెట్టినావు?" అని అడిగింది. బావ మాట్లాడకపోతే నేను అందుకున్నాను. "మా బావ చెయ్యి పెడితే రైలు నిలవాల్సిందే పిన్నీ. ఆ పొద్దు సైడింగులో పెద్దది నిలిపినాడు, ఈ పొద్దు తాడిపత్రిలో చిన్నది నిలిపినాడు" అన్నాను. పంక్తి మొత్తం నవ్వింది. బావ కూడా నవ్వాడు. నలుగురిలో తేలిక చేస్తే మనసులో బరువు పోతుందని నా ఉద్దేశం.

చిన్నది అంటే ఏ రైలని ఎవరో అడిగారు. పుష్పావతి వాళ్ళ అన్న మనవడి బొమ్మ అని చెప్పాను. నా సంగతి బయటపెట్టడం ఎందుకు?

ఇంకో మాట. రెండో ఇంజను కూడా మందగించింది. వంతెన ఎక్కేచోట మూలుగుతోంది. బావ దాన్ని కూడా అలాగే తిప్పి ఉంటాడు. ఆయనకు చెప్పొద్దు. కంకర మాత్రం అందంగా కుదిరింది. ఫెవికాల్ తడికి అక్కడక్కడా గోధుమరంగు మరకలు వచ్చాయి. నిజం లైను పక్కన కూడా తుప్పు మరకలు ఉంటాయి కదా, అచ్చం అలాగే. చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు.

ఇప్పుడు నీకు తెలుసు కాబట్టి ఇవన్నీ రాయగలుగుతున్నాను. హాయిగా ఉంది.

పుష్పావతి నిన్ను అడిగానని రాయమంది.
గిరి


రాయదుర్గం
2 సెప్టెంబరు 2025

గిరీ,

లక్ష్మీనరసమ్మ పిన్ని నిన్న మా ఇంటికి వచ్చింది. నువ్వు రాయని సగం ఆమె చెప్పింది.

పంక్తి నవ్వినప్పుడు ఆయన కూడా నవ్వాడు, నిజమే. తర్వాత ఆకు మడిచి లేచాడు. అన్నం సగం కూడా తినలేదంట. చెయ్యి కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా ముదిగుబ్బ బస్టాండుకు నడిచిపోయాడు. నువ్వు చూడలేదా? చూసి రాయలేదా? ఇంటికి వచ్చి నాతో "భోజనం బాగుండె" అన్నాడు. పిన్నికి తెలిసిందల్లా ఒకటే. "రామాంజి పిల్లోని బొమ్మ ఇరగ్గొట్టినాడంట కదా సరళా?" అని నవ్వుతూ అడిగింది. నేను టీ పెట్టే నెపంతో లోపలికి పోయాను.

సైడింగు మాట ఎందుకు ఎత్తావు? ఆ రోజు రెండు వ్యాగన్లు పట్టాలు దిగాయి. పాయింటు సరిగ్గా వేయలేదన్నారు. వేశాడో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు. విచారణకు పిలిచి, నిర్లక్ష్యం అని రాసి ఉన్న కాగితం ముందు పెట్టారు. సంతకం పెట్టి వచ్చాడు. ఎందుకు పెట్టావంటే "ఒప్పుకుంటే ఇంక మాట్లాడరు" అన్నాడు. మళ్ళీ ఆ పనికి పోలేదు. మన వాళ్ళెవరూ ఆ మాట ఆయన ముందు ఎత్తలేదు. నువ్వు ఎత్తావు, అదీ ఆకుల ముందు.

ఇంజను చెడగొట్టాడు, కాదనడం లేదు. దానికి ఇంత శిక్షా?

ఇంట్లో నాకూ అన్నీ ఎదురు తిరుగుతున్నాయి. ఆయన మీ ఊరినుంచి వేసుకొచ్చిన ప్యాంటు ఇన్నాళ్ళూ అలాగే పడి ఉంటే మొన్న ఉతకడానికి తీశాను. కాళ్ళ మడతల్లో మీ కంకర పొడి గుప్పెడు రాలింది. పక్కనే విరిగిన సూదులు ఏరే అయస్కాంతం ఉంటే దానికి పొడి మొత్తం మీసాల్లా పట్టుకుంది. గుడ్డతో తుడిస్తే పోలేదు. పిండి ముద్దతో అద్ది అద్ది తీశాను. ఒక పూట పోయింది. మీ ఆటలకు నేనూ చాకిరీ చేయాల్సి వచ్చింది.

అక్టోబరు 26 ఆదివారం మా మనవరాలికి చెవులు కుట్టిస్తున్నాం. మన వాళ్ళందరూ వస్తున్నారు. పిలవాలి కాబట్టి పిలుస్తున్నాను.

సరళ


తాడిపత్రి
9 సెప్టెంబరు 2025

అక్కా,

ఇంజను కాలడానికి కారణం నేను. బావ కాదు.

నీ ఉత్తరం నిన్న ఉదయం వచ్చింది. అయస్కాంతానికి మీసాలు అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. రాతిపొడి అయస్కాంతానికి పట్టదు. ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం తీసుకుని మిద్దె ఎక్కాను. పట్టాల పక్కన, జిగురుకు అంటని చోట ఆడిస్తే నల్లగా లేచి పట్టుకుంది. స్టేషను దగ్గర, వంతెన దగ్గర, చెరువుగట్టు దగ్గర, ఎక్కడ చూసినా అంతే.

కాలిన ఇంజను విప్పాను. మోటారులో అయస్కాంతం ఉంటుంది. తిరిగినప్పుడల్లా అది కింద నుంచి ఇనుప రజను లాక్కుంది. లోపల గడ్డ కట్టి, మోటారు తిరగలేక వేడెక్కింది. రెండో ఇంజనులోనూ అదే మొదలైంది. గోధుమరంగు మరకలు అందం కాదు, తుప్పు. ఇనుము ఉంటేనే తుప్పు వస్తుంది. దాన్ని చూసుకుని మురిశానని నీకు రాశాను.

యూనిట్ దగ్గరికి వెళ్ళి, అక్కడ రాయి కోసే తిప్పయ్యను అడిగాను. "గ్రానైటు తెగేకి రంపం కింద ఆవగింజలంత ఇనుపగుండు పోస్తాం కదన్నా, అది అరిగి పొడిలోనే కలిసిపోతాది. పేపర్లో నువ్వే రాసినావే!" అన్నాడు. నిజమే. ఆ యూనిట్ల మీద రెండుసార్లు వార్త రాశాను. ఇనుపగుండు మాట రెండింట్లోనూ ఉంది. నేను రాసింది నేనే మర్చిపోయి, రంగు చూసి మోసుకొచ్చాను.

ఇక రెగ్యులేటరు. మోటారు బిగుసుకుని రైలు నెమ్మదించింది. నడిపేవాడు ఎవరైనా కొంచెం పెంచుతాడు. బావ పెంచాడు. నేను ఉన్నా పెంచేవాణ్ణి. గదిలో ఒక్కడే ఉన్నాడు, రెగ్యులేటరు చివర ఉంది. ఈ రెండూ చూసి మూడోది నేను కల్పించాను. ఆయన చెప్పిన "తిరుగుతా తిరుగుతా నిలిచిపాయ" అనేది అక్షరం పొల్లుపోని నిజం. దాన్ని నీకు రాసి కూడా నమ్మలేదు.

ముదిగుబ్బలో ఆయన ఆకు మడవడం చూశాను. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. చూసి, కడుపు నిండిందేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువుగా ఉండింది.

బావకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆయన కళ్ళతో చూడాలని, విప్పిన ఇంజనును ఇనుప రజనుతో సహా అట్టపెట్టెలో పెట్టి ఈరోజు బస్సు పార్శిల్లో వేస్తున్నాను. ఈ ఉత్తరం చదివి వినిపించి, ఆ పెట్టె ఆయన చేతికి ఇవ్వు.

నన్ను ఏమనాలో ఆయన ఇష్టం.
గిరి


రాయదుర్గం
18 సెప్టెంబరు 2025

గిరికి,

పెట్టె పదో తారీకు వచ్చింది. ఉత్తరం పదహారున వచ్చింది. మధ్యలో ఆరు రోజులు ఈ ఇల్లు ఎలా ఉండిందో చెబుతాను.

పార్శిల్ ఆఫీసు నుంచి ఆయనకే ఫోన్ వస్తే ఆయనే పోయి తెచ్చుకున్నాడు. నీ పేరు చూసి, మిషను పక్కన కూర్చుని దారం తెంపి తెరిచాడు. కాలిన ఇంజను. పొట్ట విప్పి, లోపల నల్లగా. ఒక చీటీ ముక్క కూడా లేదు. ఎంతసేపో చూశాడు. "ఇంటికి పంపినాడే" అన్నాడు. అంతే. మళ్ళీ అదే అట్టపెట్టెలో పెట్టి, అదే దారం కట్టి, బీరువా మీద పెట్టాడు. నేను నిన్ను తిట్టిన తిట్లు మా వీధంతా విన్నది. నా చెవులకే వినబడేంత అరిచాను అంటే చూసుకో.

ఆ ఆరు రోజులూ స్టేషను బెంచీకి కూడా పోలేదు. గోడకు తిరిగి పడుకున్నాడు. పెద్దల ముందు నవ్వించి చాలక, కాలినదాన్ని గుర్తుగా పంపించావని అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను.

పదహారున నీ ఉత్తరం చదివాను. ఒకసారి నాకోసం, ఒకసారి ఆయనకోసం. ఆయన లేచి కూర్చుని విన్నాడు. ఇనుపగుండు దగ్గర మళ్ళీ చదవమన్నాడు. చదివాను. పెట్టె దించి, సూదుల అయస్కాంతం తెచ్చి, ఆ నల్లటిదాని దగ్గర పెట్టి చూశాడు. "సరే" అన్నాడు. చెప్పులేసుకుని స్టేషనుకు పోయాడు.

నేను ఇంట్లో కూర్చుని ఏడ్చాను. నీ మీద కాదు. ఉత్తరం పట్టుకుని పోలీసులా నిలబడి "నిజమా కాదా" అని అడిగింది నేను. నువ్వు టైము వేసి, తారీకు వేసి రాస్తే నిజమే అయి ఉంటుందనుకున్నాను. ముప్పై ఐదేళ్ళ కాపురం చేసిన మనిషిని, ఏం జరిగింది అని ఒక్కసారి అడగలేదు. సైడింగు అప్పుడూ అడగలేదు. నా సిగ్గు నేను పడతాను, అది నీకు రాయక్కర్లేదు. అయినా రాశాను.

కానీ ఒకటి విను. మీ పేపర్లో తప్పుడు వార్త పడితే మొదటి పేజీలో పడుతుంది. సవరణ లోపలి పేజీలో, మూలన, చీమ తలకాయంత అక్షరాల్లో. నువ్వే ఒకసారి చెప్పావు, నవ్వుతూ. ముదిగుబ్బలో పంక్తి మొత్తం నవ్వింది. నీ ఉత్తరం చదివింది నేను, విన్నది ఆయన. అది సరిపోతుందా?

సరళ


తాడిపత్రి
28 సెప్టెంబరు 2025

అక్కకు,

సరిపోదు.

పెట్టెలో చీటీ పెట్టకపోవడం నా బుద్ధి తక్కువ. పార్శిల్ ఒక రోజులో చేరుతుందని, ఉత్తరం వారం తీసుకుంటుందని ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళు వార్తలు పంపినవాడికి తెలియక కాదు. ఆలోచించలేదు.

నీ ఉత్తరం వచ్చాక ఫోన్లోనే సరిదిద్దుదామని చూశాను. ముందు లక్ష్మీనరసమ్మ పిన్నికి చేశాను. "ఏం రైలప్పా? ఎప్పుడు?" అంది. అంతా గుర్తుచేసి, తప్పు బావది కాదని చెప్పాను. "పోనీలే, పాపం, పెద్దోడాయె, చెయ్యి వణికింటాది. మీరు మనసులో పెట్టుకోవాకండి" అంది. వివరం ఆమెకు గుర్తులేదు. నవ్వింది మాత్రం గుర్తుంది. చిన్నాయనకు చేస్తే, "పిల్లోనికి ఇంకోటి కొనిచ్చినారా?" అని అడిగాడు. ఏ పిల్లోడు అని అడగబోయి ఆగాను. ఆ పిల్లోణ్ణి పుట్టించింది నేనే.

అప్పుడు తెలిసింది. పుష్పావతి వాళ్ళ అన్న మనవడి మాట ఉన్నంతవరకు నా సవరణ నిలబడదు. ఇనుప పొడి ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని ఎవరైనా అడిగితే, ఆ రైలు నాది, ఆ బల్ల నాది, తాళం వేసిన గదిలో ఇన్నేళ్ళుగా నేనే తిప్పుకుంటున్నాను అని చెప్పాలి. ఆ సిగ్గు దాచుకోవడానికి బావను పిల్లవాడి బొమ్మ విరగ్గొట్టినవాణ్ణి చేశాను. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

పుష్పావతితో ఇదంతా చెప్పాను. "చెప్పుకుంటే నవ్వుతారు. ఒక పూట నవ్వుతారు. ఆయప్ప రెండు నెలలుగా పడుతాండాడు కదా" అంది.

అక్టోబరు ఇరవై ఆరున మీ ఇంట్లో, అందరూ కూర్చున్నప్పుడు, నేను లేచి చెబుతాను. ముదిగుబ్బలో ఎవరి ముందు అన్నానో వాళ్ళ ముందే. నీ మనవరాలి శుభకార్యంలో ఇది వద్దంటే చెప్పు, ఇంకో చోటు వెతుకుతాను. బావ ఒప్పుకుంటేనే.

జవాబు కోసం చూస్తుంటాను.
గిరి


రాయదుర్గం
9 అక్టోబరు 2025

గిరికి,

నీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. ఈసారి చదివి వినిపించలేదు. స్టేషనుకు తీసుకుపోయాడు. రెండు రోజులు జేబులోనే ఉంది. అడగకూడదని నోరు మూసుకున్నాను. నాకు అది ఎంత కష్టమో నీకు తెలుసు.

మూడో రోజు నేను జిప్పులు కుడుతుంటే వచ్చి మిషను ముందు కూర్చున్నాడు. నేను ఆపాను. నాకు వినబడేలా, నెమ్మదిగా చెప్పాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తాను.

"చెప్పేది చెప్పనీ. నవ్వినోళ్ళే కదా, వాళ్ళనే విననీ. నేను ఆడ ఉండను."

"యాల?" అన్నాను.

"నన్ను ముందర కూర్చోబెట్టుకుని, ఈయప్ప మంచోడు, ఈయప్ప తప్పు లేదు అంటాంటే నేను తల యాడ పెట్టుకోవాల? ఆ పొద్దు విచారణలో కూడా ఇట్లనే కూర్చోబెట్టి చదివినారు. అయిపోయినంక పిలువు. వస్తా."

"యాడ ఉంటావు?"

"స్టేషన్లో."

దారపు ఉండ పక్కకు జరిపి, "ఆ పొడి గీకేకి మాత్రం నేను రాను. వాడేసినాడు, వాడే గీక్కోవాల" అన్నాడు. అది అనేటప్పుడు కొంచెం నవ్వు వచ్చినట్టు ఉంది. నాకు సరిగ్గా తెలియదు, మిషను లైటు ఆయన వెనక ఉంది.

నేను ఇంకోటి అడిగాను. సైడింగులో ఆ రోజు ఏం జరిగింది అని. ఇన్నేళ్ళకు. ఆయన నా ముఖం చూసి, "ఇప్పుడు అడగతాండావా?" అన్నాడు. చెప్పాడు. అది నీకు రాయను. అది నాకు చెప్పింది.

శుభకార్యంలో చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. పాపకు చెవులు కుట్టేటప్పుడు ఎలాగూ ఏడుస్తుంది. ఆ గోల సద్దుమణిగాక చెప్పు. పొడుగ్గా చెప్పొద్దు. నిన్ను నువ్వు తిట్టుకుని అందరి చేత అయ్యో అనిపించుకోవద్దు. అప్పుడు జాలి నీ వైపు వస్తుంది, ఆయన మళ్ళీ పక్కకు పోతాడు.

ఇంజను పెట్టె ఇక్కడే ఉంటుంది. దాని మీద ఇంక నీకు ఏ హక్కూ లేదు అన్నాడు ఆయన. ఎందుకో నాకు అర్థం కాలేదు, అలాగే రాశాను.

సరళ


తాడిపత్రి
18 అక్టోబరు 2025

అక్కకు,

బావ చెప్పినదానికి ఒప్పుకుంటున్నాను. నువ్వు చెప్పినదానికి కూడా. కాగితం మీద రాసి చూసుకుంటే ఐదు వాక్యాలు వచ్చాయి. పాపం, దురదృష్టం లాంటి మాటలు కొట్టేశాను. మిగిలినవి ఇవి: ఆ రైలు పిల్లవాడిది కాదు, నాది. దాన్ని ఆరేళ్ళుగా దాచుకున్నాను. పట్టాల పక్కన ఇనుము కలిసిన పొడి వేసింది నేను, ఇంజను కాలింది దానివల్ల. మా బావ నిజం చెప్పాడు, నేను నమ్మలేదు. సైడింగు మాట ముదిగుబ్బలో నేను అనకూడనిది, అన్నాను.

పొడి గీకడం మొదలుపెట్టాను. తడిగుడ్డ వేసి, ఫెవికాల్ నానాక చెంచాతో గీకి, ప్లాస్టిక్ కవరులో పెట్టిన అయస్కాంతంతో లాగుతున్నాను. బావ వేసిన అంచు ఎక్కడా వంకర లేదు. అది చూస్తూ తీయడం కష్టంగా ఉంది. స్టేషను వరకు వచ్చాను. వంతెన, చెరువుగట్టు మిగిలాయి. దుమ్ము పోవడానికి తలుపు తీసి పెడుతున్నాను. నిన్న ఎదురింటి బయ్యన్న మిద్దె మీద బట్టలు ఆరేస్తూ చూశాడు. "ఏమన్నా అది, రైలా?" అన్నాడు. అవును, నాది అన్నాను. వచ్చి చెరువు చూసి పోయాడు.

ఆదివారం, ఇరవై ఆరున, నేనూ పుష్పావతీ తొలి బస్సుకు బయలుదేరుతాం. పదింటికి చెవులు కుట్టడం. పాప ఏడుపు ఆగాక, ఆకులు వేయకముందు, నేను లేచి చెబుతాను. ఆ సమయానికి బావ స్టేషను బెంచీ మీద ఉంటాడు. చెప్పడం అయ్యాక ఆయన్ను పిలుచుకురావడానికి నువ్వు వెళ్తావు, నేను కాదు. మీరిద్దరూ వచ్చేదాకా పంక్తిలో ఎవరూ కూర్చోరు. మొదటి ఆకు ఆయనకు వేస్తాం. పక్క ఆకు ఎవరికి వేయాలో ఆయన వచ్చాక చెబుతాడు.

గిరి